ఇవాన్ చెయ్యి: రేపిన్ చిత్రాన్ని సగం కొలతలో వేస్తూ రాసుకున్న డైరీ

1వ రోజు

కాన్వాస్ బిగించాను. ఎత్తు 100 సెంటీమీటర్లు, వెడల్పు 127. రష్యన్ చిత్రకారుడు ఇల్యా రేపిన్ వేసిన అసలు చిత్రం ఎత్తు 199.5, వెడల్పు 254. కొలతల్లో సగం అంటున్నాను గానీ వైశాల్యం లెక్కేస్తే నాలుగో వంతే. గదిలో ఇంతకంటే పెద్దది నిలబెట్టే చోటు లేదు.

ఆ చిత్రం పేరులోనే తేదీ ఉంది: ఇవాన్ ది టెరిబుల్, అతని కొడుకు ఇవాన్, 1581 నవంబర్ 16. రేపిన్ దాన్ని 1885లో పూర్తి చేశాడు. ఇప్పుడు మాస్కోలోని త్రెత్యాకోవ్ గ్యాలరీలో ఉంది. నాలుగో ఇవాన్ 1547లో రష్యాకు మొదటి జార్‌గా పట్టాభిషేకం చేసుకున్నవాడు. కోపం ఆపుకోలేక మొన ఉన్న చేతికర్రతో వారసుడైన కొడుకు కణతపై కొట్టాడని కథనం. చిత్రంలో ఆ దెబ్బ లేదు, దాని తర్వాతి నిమిషం ఉంది. తండ్రి నేలమీద కూలబడ్డాడు. కొడుకును ఒడిలోకి లాక్కున్నాడు. కణతకు అరచెయ్యి అడ్డం పెట్టి రక్తం ఆపాలని చూస్తున్నాడు. వేళ్ల సందుల్లోంచి కారుతూనే ఉంది.

పుస్తకాల్లో ఈ బొమ్మ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ ఒకటే సందేహం. చంపినవాణ్ణి చూస్తే అసహ్యం పుట్టాలి కదా, నాకు గొంతు పట్టేస్తుందేం? చూస్తూ కూర్చుంటే తెలియలేదు. వేస్తే తెలుస్తుందేమోనని మొదలుపెట్టాను.

3వ రోజు

అసలు చిత్రం ఎదురుగా పెట్టుకుని వేసే అవకాశం లేదు కాబట్టి అచ్చు ప్రతుల మీదే ఆధారపడాలి. మూడు ప్రతులు పక్కపక్కన పెట్టాను. మూడింట్లో మూడు ఎరుపులు. ఒకదాంట్లో తివాచీ నారింజ వైపు పోయింది, ఇంకోదాంట్లో గోడ దాదాపు నల్లగా ఉంది. రంగుల విషయంలో ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మకూడదని నిర్ణయించుకున్నాను. గీతకు మాత్రం మూడూ ఒకే మాట చెబుతున్నాయి.

పది సెంటీమీటర్ల గళ్లతో గ్రిడ్ గీసి బొగ్గుతో రేఖలు దించాను. గళ్లు లెక్కపెడుతుంటే ఆశ్చర్యం వేసింది. మనుషులిద్దరూ కలిసి నా జ్ఞాపకంలో కాన్వాస్ అంతా నిండి ఉన్నారు. నిజానికి బొమ్మలో ఎక్కువ భాగం చీకటి గోడలూ తివాచీలూనే. అంత పెద్ద గదిలో ఇంకెవరూ లేరు. కాపలావాళ్లు లేరు, సేవకులు లేరు, పరిగెత్తుకొచ్చేవాళ్లు లేరు. దేశమంతా వణికిపోయే మనిషికి ఆ నిమిషంలో సాయానికి ఎవరూ దొరకలేదు. మూడు రోజుల పనికి ఈ ఒక్క విషయం కంటపడినా చాలనిపించింది.

6వ రోజు

చిన్న కాగితాల మీద మూడే మూడు టోన్లతో స్టడీలు, అంటే సాధన బొమ్మలు. తెలుపు, నడిమి బూడిద, నలుపు. కళ్లు సగం మూసి చూస్తే చిత్రంలో వెలుతురు పడిన చోట్లు రెండే: పక్కపక్కన ఉన్న ముఖాలు, కొడుకు తొడుక్కున్న గులాబీ రంగు కాఫ్తాను, అంటే పొడవాటి పైచొక్కా. జార్ వేసుకున్నది నల్లటి అంగీ. అది వెనక చీకట్లో కలిసిపోతుంది. ఒళ్లు కనిపించదు, తలా చేతులూ మాత్రం పైకి తేలుతాయి.

నాలుగు స్టడీలు పాడయ్యాయి. ప్రతిసారీ తండ్రి ఆకారాన్ని విడిగా చూపించాలని అంగీ అంచు కొంచెం తేలిక చేశాను. అంచు కనబడగానే ఆయన బలంగా, బరువుగా, రాజులా అయిపోతున్నాడు. ఐదోదాంట్లో అంచు చెరిపేశాను. అప్పుడు కుదిరింది.

9వ రోజు

బర్న్‌ట్ అంబర్‌ను టర్పెంటైన్‌తో పల్చగా కలిపి అండర్‌పెయింటింగ్, అంటే అడుగు పొర, పూర్తి చేశాను. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది, అందుకే త్వరగా ఆరుతుంది. రేపటికి పై పొర వేసుకోవచ్చు.

ఆరేలోపు చదువుకున్నవి కొన్ని. 1881 మార్చి 1న, అప్పటి రష్యా పంచాంగం ప్రకారం, రెండో అలెగ్జాండర్ జార్‌ను బాంబు వేసి చంపారు. ఏప్రిల్‌లో ఆ కుట్రలో ఉన్న ఐదుగురిని ఉరి తీశారు. మూడు వందల ఏళ్ల కిందటి హత్యను బొమ్మగా వేయాలన్న ఆలోచన రేపిన్‌కు ఆ సంవత్సరంలోనే మొలిచింది. రిమ్‌స్కీ-కోర్సకోవ్ సంగీతం విన్న ఒక సాయంత్రం ఆ భావం గట్టిపడిందని ఆయనే చెప్పుకున్నాడు. 1883లో యూరప్ తిరిగినప్పుడు స్పెయిన్‌లో ఎద్దుల పోటీ చూశాడు, అక్కడి రక్తమూ వెంట వచ్చింది. వేస్తున్నన్నాళ్లూ తనకే భయం వేసి బొమ్మను పక్కకు తిప్పేసేవాడట.

చారిత్రక చిత్రం అంటే పాత కాలం దుస్తులూ పాత కాలం కుర్చీలూ అనుకునేవాళ్లు ఈ బొమ్మను తప్పుగా చదువుతారు. దుస్తుల విషయంలో రేపిన్ శ్రద్ధ తక్కువేం కాదు. అంగీ, కాఫ్తాను తానే కత్తిరించాడు, బూట్ల మీద నగిషీ కూడా తానే వేశాడు. కానీ ఆ గుడ్డల లోపల ఉన్న భయం 1881ది. పాలకుడి రక్తం, పాలకుడు చిందించిన రక్తం, రెండూ వీధుల్లో ఆరకముందు వేసిన బొమ్మ ఇది.

14వ రోజు

తివాచీలు. ఐదు రోజులుగా తివాచీలే.

వెనీషియన్ రెడ్ అడుగున వేసి, మీద ముదురు ఎరుపు అలిజరిన్ క్రిమ్సన్ గ్లేజ్ (కింది రంగు కనబడేంత పల్చటి పొర), నీడల్లో అలిజరిన్‌లో ఐవరీ బ్లాక్ కలిపి వేస్తున్నాను. ఈ రెండూ నెమ్మదిగా ఆరే రంగులు. తొందరపడి వాటి మీద త్వరగా ఆరే రంగు పూస్తే పైపొర ముందు గట్టిపడి పగుళ్లు వస్తాయి. అందుకే రోజుకో భాగం, మధ్యలో మూడు రోజుల విరామం.

ఇవాళ పొద్దున చూస్తే గోడ భాగం అంతా చప్పబడిపోయింది. కింది పొర నూనెను పీల్చేసుకుంది. నలుపు బూడిదలా కనిపిస్తోంది, ఎరుపులో లోతు పోయింది. నిన్నటి వరకు నాకు బాగా కుదిరిందనిపించిన భాగం అది. చాలా బాధేసింది. లిన్‌సీడ్ నూనెను టర్పెంటైన్‌తో పల్చన చేసి మెత్తటి గుడ్డతో రుద్ది, మిగిలింది తుడిచేశాను. గంటలో లోతు తిరిగొచ్చింది. దీన్ని ఆయిలింగ్ అవుట్ అంటారు. నూనె ఎక్కువైతే తర్వాత పసుపెక్కుతుంది కాబట్టి తుడవడమే అసలు పని.

తివాచీ గురించి ఇంకో మాట. రేపిన్ తివాచీ మడతలు పడి ఉంది, ముడుచుకుని ఉంది. వెనక సింహాసనంలాంటి కుర్చీ తలకిందులైంది. దిండు దొర్లింది. గొడవ ఎలా జరిగిందో ఈ గుడ్డ చెబుతోంది. ఎవరు ఎటు లాగారు, ఎవరు ఎటు పడ్డారు అన్నది ఒక్కో మడతలో ఉంది. మొదట నేను అందంగా కనబడాలని మడతలు సర్ది వేశాను. అది తివాచీల ప్రకటనలా తయారైంది. పాలెట్ నైఫ్‌తో గీకేసి మళ్లీ, ఈసారి మడత మడతకూ «ఇక్కడ ఏ కాలు జారింది» అని అడుగుతూ వేశాను.

15వ రోజు

రక్తం వేశాను. తప్పు వేశాను.

కాడ్మియం రెడ్ నేరుగా ట్యూబులోంచి. కణత దగ్గర, వేళ్ల మధ్య, కింద తివాచీ మీద. దూరం నుంచి చూస్తే మూడు చోట్లా రంగు రంగులాగే ఉంది. మనిషి ఒంట్లోంచి వచ్చినట్టు లేదు.

ప్రతుల్లో మళ్లీ చూశాను. అసలు బొమ్మలో కారే రక్తం మనం గుర్తుపెట్టుకున్నంత ఎక్కువ లేదు. గది మొత్తం ఎరుపుగా ఉంది కాబట్టి కన్ను ఆ ఎరుపునంతా రక్తం ఖాతాలో వేసేసుకుంటోంది. తివాచీ ఎరుపు, గోడ ఎరుపు, నీడల్లో ఎరుపు. రేపిన్ హత్యను గది నిండా పరిచేసి, గాయాన్ని మాత్రం ఒక అరచెయ్యి కింద దాచాడు.

అలిజరిన్‌లో కొంచెం అంబర్ కలిపి, అంచుల్లో పల్చగా, మధ్యలో చిక్కగా మళ్లీ వేశాను. ప్రకాశవంతమైన ఎరుపు చుక్క ఒకే ఒక్కటి ఉంచాను, వేలి కణుపు మీద తడి మెరిసే చోట.

19వ రోజు

చెయ్యి. ఈ ప్రాజెక్టంతా ఈ చెయ్యి కోసమే అని ఇవాళ తెలిసింది.

మూడు రోజులుగా వేసి చెరిపేస్తున్నాను. వేళ్ల పొడవు సరిగ్గానే ఉంది, గ్రిడ్‌లో గడి తప్పలేదు. అయినా ఆ చెయ్యి తల మీద పెట్టిన వస్తువులా ఉంది. చివరికి తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. వాడి తలను ఒడిలోకి తీసుకుని కణతకు అరచెయ్యి ఆనించి, ఎదురుగా అద్దం పెట్టుకుని చూశాను.

కాసేపయ్యాక వాడే అన్నాడు. «అక్కా, నువ్వు నొక్కుతున్నావు. పట్టుకోవడం లేదు.»

«రెండూ ఒకటే కదరా?»

«కాదక్కా. నొక్కితే నొప్పి పుడుతుంది. పట్టుకుంటే తల బరువు నీ చేతికి వస్తుంది.»

మళ్లీ పట్టుకున్నాను. వాడు మెడ వదిలేశాడు. మనిషి తల ఇంత బరువుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ బరువుకు నా బొటనవేలు తనంత తానే చెవి వెనక్కి వెళ్లింది, చిటికెన వేలు విడివడింది, వేలి కొసలు తెల్లబడ్డాయి, మణికట్టు దగ్గర నరాలు లేచాయి. అద్దంలో చూస్తూ పదే పది నిమిషాల్లో పెన్సిల్‌తో నాలుగు గీతలు గీసుకుని, నేరుగా కాన్వాస్ దగ్గరికి వెళ్లాను.

ఇప్పుడు కుదిరింది. కర్ర విసిరింది ఈ చెయ్యే, రక్తం ఆపాలని చూస్తున్నదీ ఇదే. ఒక్క నిమిషం తేడా. ఈ చేతికి చంపే శక్తి ఉంది, ఎంతమందినైనా చంపించే అధికారం ఉంది. కారే రక్తాన్ని ఆపే బలం మాత్రం లేదు. నాకు జాలి ఎందుకు కలుగుతోందో ఆ చేతిలోనే దొరికింది. హంతకుడి మీద జాలి కాదు అది. కొడుకు తల బరువు చేతికి తెలిసినవాడి మీద జాలి.

20వ రోజు

నిన్న రాసింది మళ్లీ చదివాను. దానికి చరిత్ర వైపు నుంచి ఒక మాట చేర్చాలి. కొడుకు చావు ఎలా జరిగిందన్న దాని మీద చరిత్రకారులు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు. పోప్ దూతగా వెళ్లిన అంతోనియో పొస్సెవీనో, గర్భవతి అయిన కోడలి దుస్తుల మీద మొదలైన గొడవ ఇది అని రాశాడు. యువరాజు అప్పటికప్పుడు చనిపోలేదు, కొన్ని రోజుల తర్వాత ప్రాణం వదిలాడు. 1963లో సమాధులు తెరిచి పరిశీలించారు గానీ, యువరాజు పుర్రె బాగా శిథిలమైపోవడంతో గాయం సంగతి తేల్చలేకపోయారు. రేపిన్ చిత్రం సాక్ష్యం కాదు. కానీ చాలామంది మనసులో ఆ రోజు అంటే ఈ బొమ్మే. చిత్రకారుడికి అంత శక్తి ఉందంటే అంత బాధ్యతా ఉన్నట్టే.

23వ రోజు

కళ్లు.

తండ్రికి మోడలుగా ప్రధానంగా కూర్చున్నవాడు గ్రిగోరీ మ్యసోయెదొవ్, తోటి చిత్రకారుడు. కొడుకు ముఖానికి కూర్చున్నవాడు రచయిత వ్సెవొలోద్ గార్షిన్. ఆయన 1877లో టర్కీతో జరిగిన యుద్ధంలో సైనికుడిగా వెళ్లి గాయపడి వచ్చాడు. ఆయన ముఖంలో ముందే ఏదో తీర్పు రాసిపెట్టినట్టు రేపిన్‌కు కనిపించింది. 1884లో ఆయన పోర్ట్రెయిట్ కూడా వేశాడు, అది ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. గార్షిన్ 1888లో 33 ఏళ్లకే మెట్ల మీదినుంచి దూకి, ఆ గాయాలతో చనిపోయాడు. ఇది తెలిశాక ఆ ముఖం మీద బ్రష్షు పెట్టడం కష్టమైంది. కొడుకు చెంప మీద జారే కన్నీటి చుక్క వేయడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది.

తండ్రి కళ్లు మాత్రం ఇంకో రకం పరీక్ష. కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటాయి. వాటిని మరీ తెరిస్తే పిచ్చివాడైపోతాడు, కొంచెం తగ్గిస్తే నటుడైపోతాడు. రెండు సార్లు తుడిచాను. మూడోసారి వేసినప్పుడు అమ్మ వచ్చి వెనక నిలబడింది. చాలాసేపు ఏమీ అనలేదు.

«ఈయన కొడుకు వైపు చూడటం లేదేమే?» అంది చివరికి.

నిజమే. ఆ కళ్లు దేన్నీ చూడటం లేదు. నేను ఇన్నాళ్లూ వాటిని కొడుకు వైపు తిప్పాలని తెలియకుండానే ప్రయత్నిస్తున్నాను. కనుపాపను ఒక మిల్లీమీటరు జరిపాను. చూపు ఎక్కడా ఆనకుండా గాల్లో నిలిచింది. అమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట ఇంక పని చేయలేదు.

27వ రోజు

ముఖాలు ఆరుతున్నాయి. ఈ ముఖాల మీద 1913 జనవరిలో కత్తి దిగింది. అబ్రమ్ బలషోవ్ అనే యువకుడు గ్యాలరీలోకి వచ్చి, ఇక చాలు రక్తం అని అరుస్తూ మూడు చోట్ల చీల్చాడు. గ్యాలరీ సంరక్షకుడు గెయోర్గీ ఖ్రుస్లోవ్ ఆ దెబ్బ తట్టుకోలేక రైలు కింద పడి ప్రాణం తీసుకున్నాడు. బొమ్మలోని చావు గోడ దిగి వచ్చి ఒక నిజమైన మనిషిని తీసుకుపోయింది.

పిలిపిస్తే రేపిన్ వచ్చి జార్ తల మళ్లీ వేశాడు. అప్పటికి ఆయన వయసు 68, రంగులు వాడే తీరు పూర్తిగా మారిపోయింది. కొత్త తల పాత శరీరానికి అతకలేదు. గ్యాలరీ బాధ్యతలు తీసుకున్న చిత్రకారుడు ఇగోర్ గ్రబార్ ఆ కొత్త రంగును తుడిపించి, చీలికల దగ్గర నీటి రంగులతో పాత రూపాన్ని తెప్పించాడు. సొంత బొమ్మను బాగుచేయబోయి చిత్రకారుడే పరాయివాడైపోయిన సంగతి నన్ను వదలడం లేదు. 2018 మేలో మళ్లీ ఒకతను లోహపు స్తంభంతో కొట్టాడు. అద్దం పగిలి కాన్వాస్ మూడు చోట్ల చిరిగింది.

అధికారం కూడా ఈ బొమ్మను కొట్టింది, వేరే రకంగా. 1885లో ప్రదర్శన పెట్టగానే చర్చి వ్యవహారాల పెద్ద కాన్‌స్తాంతిన్ పోబెదొనోస్త్‌సెవ్ మండిపడ్డాడు. మూడో అలెగ్జాండర్ జార్ నిషేధించాడు. కొనుక్కున్న పావెల్ త్రెత్యాకోవ్ ఎవరికీ చూపించకూడదన్నారు. చిత్రకారుడు అలెక్సీ బొగొల్యూబొవ్ మధ్యలో మాట్లాడాక జులైలో నిషేధం తీసేశారు. తండ్రి బాంబుకు బలైతే సింహాసనం ఎక్కినవాడు మూడో అలెగ్జాండర్. రక్తంలో తడిసిన జార్ బొమ్మను ఆయన చూసి ఉండాల్సిన తీరును ఊహించుకుంటే, నిషేధం వెనక కోపంతో పాటు భయం కూడా ఉందని నా నమ్మకం.

31వ రోజు

ఆరేదాకా చెయ్యి పెట్టే పనేం లేదు. ఇలాంటి మిగతా బొమ్మలు ముందేసుకుని చిన్న స్కెచ్‌లు వేశాను.

స్పెయిన్ చిత్రకారుడు గోయా 1814లో వేసిన 1808 మే 3 కాల్పులు: నెపోలియన్ సైనికులు స్పెయిన్ జనాన్ని కాల్చేస్తున్న బొమ్మ. సైనికుల ముఖాలు కనిపించవు, అందరూ కలిసి ఒకే యంత్రం. ఎదురుగా తెల్ల చొక్కా మనిషి చేతులు చాపి మోకాళ్ల మీద ఉన్నాడు. లేచి నిలబడితే అందరికంటే ఎత్తవుతాడు. ఇక్కడ అధికారానికి ముఖం లేదు. చంపేది చేతులూ తుపాకులూ.

ఫ్రెంచ్ చిత్రకారుడు దెలారోష్ 1833లో వేసిన, కొద్ది రోజులే ఇంగ్లండ్ రాణిగా ఉన్న లేడీ జేన్ గ్రే వధ నాకు అంతగా ఎక్కలేదు. కళ్లకు గంతలు కట్టిన అమ్మాయి నరికే దిమ్మెను చేత్తో వెతుక్కుంటుంది, ఆ చెయ్యి అద్భుతం. మిగతాదంతా రంగస్థలం మీద వెలుతురు సర్దినట్టు ఉంది.

రష్యన్ చిత్రకారుడు సూరికోవ్ 1881లో వేసిన స్త్రెల్త్సీల (తిరగబడిన జార్ సైనికుల) ఉరి నాటి ఉదయం మాత్రం గంటసేపు కదలనివ్వలేదు. అందులో ఒక్క శవం కూడా లేదు. కొవ్వొత్తులు పట్టుకున్న మనుషులు, ఏడుస్తున్న ఇల్లాళ్లు, దూరంగా గుర్రం మీద జార్ పీటర్. కనీసం ఒక్కణ్ణయినా వేలాడదీయమని రేపినే సలహా ఇచ్చాడట. సూరికోవ్ గీసి చూస్తే, గదిలోకి వచ్చిన ఆయా చూసి స్పృహతప్పి పడిపోయింది. ఆయన చెరిపేశాడు. చావును చూపించాలా, దాని అంచున ఆగాలా అన్నది ఇద్దరు స్నేహితుల మధ్య నడిచిన మాట. నాలుగేళ్ల తర్వాత రేపిన్ తన సమాధానం కాన్వాస్ మీద ఇచ్చాడు: దెబ్బను దాటేసి, దాని తర్వాతి నిమిషంలోకి వెళ్లాడు.

44వ రోజు

కర్ర ఒక్కటే మిగిలింది.

నేల మీద, చూసేవాళ్లకు బాగా దగ్గరగా పడి ఉంటుంది అది. కావాలనే చివరికి ఉంచుకున్నాను. ఒకే కూర్చోవడంలో, పొరలు లేకుండా, చిక్కటి రంగుతో వేశాను. చెక్క మీద సన్నటి వెలుతురు గీత, లోహపు మొన మీద చల్లటి బూడిద రంగు. వేస్తున్నంతసేపూ చేతికి అందే దూరంలో నిజంగా పడి ఉన్నట్టే ఉంది.

ఆరు నెలలైనా ఆగితే గానీ చివరి వార్నిష్ వేయకూడదు. అలిజరిన్ ఉన్న చోట్ల ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

రాత్రి తమ్ముడు అడిగాడు. «అక్కా, దాన్ని గోడవైపు తిప్పి పెట్టవా? నేను ఇక్కడే పడుకోవాలి.»

రేపిన్ కూడా తిప్పేసేవాడని చెప్పాను. కానీ కొత్త నూనె రంగు చీకట్లో ఉంటే పసుపెక్కుతుంది, వెలుతురు తగలాలి. ముఖాలు కిటికీ వైపు ఉండేలా స్టాండు జరిపాను. వాడు పరుపు చుట్టుకుని పక్క గదిలోకి వెళ్లాడు.